సంచిమీది పేరు – సంచిలోని గింజ

గడచిన సార్వా నారుమళ్ళకు ముందు మేము తిరుగు గ్రామములలో నొకదానియందు జరిగిన సంగతి సభ్యులందరును తెలిసికొనదగినదని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆ గ్రామమున సంఘమునకు పాత సభ్యులగు రైతుగారొకరు గలరు. తమ పొలములో రెండెకరములు విత్తనమునకే విడిచి, అందు సాంబ మసూరిని, అనగా బాపట్లవారి 5204 రకమును, కేళీలు ఏరివేసి పండించి, వేరుగా నూర్చి, చక్కగా ఎండబోసి దాచుట వారి యలవాటు. ఇరుగుపొరుగువారు ఆ గింజకై వారి యింటికే వత్తురు. ఈసారి వారు ఆ ధాన్యమును, ముందటి యేట ఒక కంపెనీ విత్తనము వచ్చిన ఖాళీ సంచులలో నింపిరి. సంచి గట్టిది, శుభ్రమైనది. అంతకు మించి వారి మనస్సులో మరియొకటి లేదు. ఆ సంచులు కొన్ని చేతులు మారి పట్టణపు బజారులో తేలినవి. నెల తిరుగకమునుపే కంపెనీవారి ప్లీడరు నోటీసు వచ్చినది.

“అయ్యా, నా పొలమున పండిన గింజ, నా కళ్ళమున ఆరిన గింజ. నేనెవరి సొమ్ము దొంగిలించితిని?” అని వారు ఆ కాగితము చేతబట్టుకొని మా యొద్దకు వచ్చిరి.

మాకు వెంటనే నోరు రాలేదు. ఏలయన, ఖాళీ సంచులను పారవేయక దులిపి, ఎండబెట్టి మరల వాడుకొనుడని యేండ్ల తరబడి ఊరూరను చెప్పుచు వచ్చినవారము మేమే. సంచిపైనున్న పేరును గూర్చి ఒక్క మాటయైనను చెప్పియుండలేదు.

రైతుగారి ప్రశ్నకు జవాబు రెండు భాగములుగా నున్నది. గింజ విషయమున వారి తప్పేమియు లేదు. 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ సెక్షను ప్రకారము, రైతు తన పొలమున పండిన విత్తనమును దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. ఆ రకము ఒకరి పేర రిజిస్టరై యున్నను ఈ హక్కు పోదు. ఒక్కటే కట్టడి: అట్టి రిజిస్టరైన రకపు విత్తనమును సంచిలోనో డబ్బాలోనో కట్టి, ఇది ఫలానా రకమని చీటి వేసి అమ్మరాదు. 1966వ సంవత్సరపు విత్తనముల చట్టమును గూడ, రైతు తాను పండించిన విత్తనమును తన యింటివద్దనే, విత్తుకొను రైతునకు నేరుగా అమ్మినచో తనకు పట్టదని 24వ సెక్షనులో చెప్పినది. కావున వారు ధాన్యమును గోనెసంచిలో పోసి గుమ్మమువద్ద అమ్మియుండినచో ఎవరును ప్రశ్నింపజాలరు.

తప్పెల్లను సంచియందే యున్నది. సరకు ఎవరిదో కొనువానికి తెలియుటకై వర్తకుడు వేయు పేరు, బొమ్మ, గుర్తు – దీనినే ట్రేడుమార్కు అందురు. పశువునకు వాత వేసినట్లు ఇది సొంతదారుని ఆనవాలు. 1999వ సంవత్సరపు ట్రేడుమార్కుల చట్టము ప్రకారము దానిని రిజిస్టరు చేయించినచో పది సంవత్సరములు చెల్లును. పదేసి యేండ్లకు మరల పొడిగించుకొనవచ్చును. పరుని గుర్తును తన సరకుపై మోసముగా వేసినవానికి ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు ఖైదును, ఏబదివేలనుండి రెండు లక్షల రూపాయల వరకు జుల్మానాయు గలవు. మోసపు తలంపు లేదని రుజువు పరచుకొన్నచో శిక్ష తప్పును గాని, రుజువు చేయు భారము వానిదే.

అచ్చముగా అదే పేరు వేయలేదుగదా యని తప్పించుకొనుటకు వీలులేదు. బిస్కత్తుల కంపెనీయగు పార్లే వారికిని, మైసూరులోని మరియొక కంపెనీకిని నడచిన వ్యాజ్యమున 1972లో సుప్రీముకోర్టు దీనిని తేల్చినది. ఇరువురి కాగితపు చుట్టలమీదను పల్లెపట్టున నొక పిల్ల, ఆవులు, కోళ్లు ఉన్నవి. వివరములలో భేదములు లేకపోలేదు. అయినను, రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి భేదములు లెక్కించుట సరికాదనియు, కొనువాడు అంగడికి పోవునపుడు మొదటిదానిని వెంట దీసికొని పోడనియు, మొత్తముమీద చూపునకు ఒక్కటిగా తోచిన చాలుననియు కోర్టువారు నిర్ణయించిరి. చదువురాని రైతు సంచిని బొమ్మతోను రంగుతోను గుర్తించునని మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

సంచిపై బొమ్మకు కాపీరైటు అను మరియొక హక్కు గలదు. అది బొమ్మ గీసినవాని, పుస్తకము వ్రాసినవాని హక్కు. 1957వ సంవత్సరపు చట్టము ననుసరించి, సాధారణముగా కర్త జీవించినంత కాలమును, ఆపై అరువది యేండ్లును ఉండును. దానికి రిజిస్టరుతో పనిలేదు. మన రైతులకు దానితో తగవు అరుదు.

ఈ హక్కులన్నియు కంపెనీలకేగాని మనకేల యని కొందరడిగిరి. ఆ మాట కొంత నిజమే. 2019లో గుజరాతునందు పెప్సీ కంపెనీవారు, తమ పేర రిజిస్టరైన బంగాళాదుంప రకమును పండించిరని నలుగురు రైతులపై తలకొక కోటి అయిదు లక్షల రూపాయలకు దావా వేసిరి. దేశమంతటను గగ్గోలు పుట్టగా ఆ సంవత్సరము మే నెలలో దావాలు విరమించుకొనిరి. ఆ రకపు రిజిస్ట్రేషను 2021లో రద్దయి, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో మరల నిలిచినది. 39వ సెక్షను చేతనుండియు, కోర్టు మెట్లెక్కవలసివచ్చిన ఆ చిన్న రైతుల అవస్థ తలచిన మాకు కష్టము తోచును.

కాని దొంగసంచి వలన మునుగువాడెవడు? కంపెనీకి పోవునది కొంత లాభము. రైతునకు పోవునది ఒక పంటకాలము. మిరపనారు పోసి, నాటి, మందులు చల్లి, పూతవేళకు గాని మోసము బయటపడదు. కావున విత్తనము కొన్నప్పుడు బిల్లు అడిగి తీసికొనుడు. లాటు నంబరు గల చీటిని, సంచిని, గుప్పెడు గింజలను పంట యింటికి చేరువరకు దాచియుంచుడు. మొలక రానినాడు ఇవి లేనివాని మొర వినువారుండరు.

ఇక పేరు మనకును ఉండవచ్చును. గుంటూరు సన్నపు మిరపకాయ, బనగానపల్లె మామిడి, తాండూరు కంది అను పేర్లు భౌగోళిక గుర్తులుగా మద్రాసు, అనగా నేటి చెన్నై, రిజిస్ట్రీలో నమోదైయున్నవి. అవి ఒక్కని సొత్తు కావు, ఆ ప్రాంతపు రైతులందరివి. వేరొక సీమ సరకునకు ఆ పేరు పెట్టినచో అదియు ఉల్లంఘనమే. సంఘములకు సమష్టి గుర్తు అనునది వేరుగా గలదు. ఆనందులోని పాల సంఘము 1946లో పుట్టినది. నేడు అమూల్ అను పేరు ఎరుగని ఇల్లు అరుదు.

మన రైతుగారి సంగతి యేమైనదనగా, తెలియక జరిగినదని ప్లీడరుద్వారా జవాబు వ్రాయించితిమి. మిగిలిన సంచులను ఖాళీచేసి వాపసు పంపిరి. కంపెనీవారు అంతటితో విడిచిపెట్టిరి. ప్లీడరు ఖర్చు మాత్రము వారి నెత్తినబడినది. అందు సగము మేము భరింతుమనగా వారొప్పుకొనలేదు. ఈ కారునుండి సంఘపు గిడ్డంగిలో ఖాళీ విత్తనపు సంచులను, పేరున్న వైపు కత్తితో అడ్డముగా కోసిన పిమ్మటనే సభ్యులకిచ్చెదరు. కోసిన సంచి ధాన్యమునకు పనికిరాదుగాని, పశువుల కొట్టమున పరచుటకు బాగుగనే యుండును.