మగ్యారుల రాజ్యస్థాపనము

క్రీ. శ. 955 లో ఆగ్స్‌బర్గు నగరసమీపమున లెఖ్ నదీతీరమందు మగ్యారుల యశ్వసేన జర్మనురాజగు ఆటోచేత భగ్నమయ్యెను. పట్టువడిన బుల్చూ, లేల్ అను సేనానులను రేగెన్స్‌బర్గున నురిదీసిరి. 895 ప్రాంతమున తూర్పుమైదానములనుండి కార్పేతియను కొండలు దాటివచ్చిన యేడుతెగల కూటమి వారిది. పశువుల మందలతోపాటు పరదేశములపై దండెత్తి కొల్లగొనుటయు వారికి జీవనాధారము. ఆ దినముతో పడమటిదారి మూసికొనిపోయెను.

అంతకుముందు హూణులును, అవారులును ఆ మైదానముననే వెలిగి రూపుమాసిరి. మగ్యారులు మాత్రము నిలిచిరి. ఎట్లు నిలిచిరో మన పాఠకులు గమనింపదగును.

ఆర్పాదు వంశీయుడగు గేజా ప్రభువు, ఒకవంక జర్మను చక్రవర్తియు, మఱియొకవంక కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తియు నుండుట యెఱిగి, 973 లో క్వెడ్లిన్‌బర్గునకు రాయబారులనంపెను. బాప్తిస్మము పొందియు పాతదేవతలకు బలులు మానలేదు. మందలింపగా, ఇరువురిని గొలుచుటకు జాలిన కలిమి తనకు గలదనెనట!

గేజా 997 లో మృతినొందినతోడనే దాయాదుల వివాదము పుట్టెను. వంశమున జ్యేష్ఠునికే యధికారమును, మృతుని భార్యయు దక్కవలెనని పూర్వాచారము. ఆ హక్కుతో కొప్పాను లేచెను. క్రైస్తవధర్మము కుమారుడగు స్టీఫెను పక్షమున నుండెను. బవేరియా ప్రభువు కూతురగు గిసెలా యితని భార్య. జర్మను యోధుల సాయమున నితడు జయించి, కొప్పాను శవమును నాలుగు తునుకలు చేయించి కోటలయందు వ్రేలాడగట్టించెను. 1083 లో పునీతుడని ప్రకటింపబడినవాడు నితడే!

1000 వ సంవత్సరాంతమునగాని 1001 ఆరంభమునగాని స్టీఫెనుకు పట్టాభిషేకమయ్యెను. కిరీటమును పోపు రెండవ సిల్వెస్టరు పంపెనని సంప్రదాయము. కిరీటముకంటె ఎస్టెర్గోమున నెలకొన్న ప్రధాన మతపీఠమే ముఖ్యమని మా యభిప్రాయము. దానివలన మగ్యారుల చర్చి జర్మను మతాధిపతుల క్రిందికి పోలేదు. మతము పొరుగువారిదైనను పెత్తనము తమదే. 1030 లో చక్రవర్తి రెండవ కాన్రాడు దండెత్తివచ్చి రిక్తహస్తుడై మరలెను.

ఇంటమాత్రము పాతతెగల యేర్పాటు సడలెను. కోటకొక యధికారి కుదిరెను. పదియూళ్లు కలిసి యొక చర్చి కట్టవలెనని శాసనము పుట్టెను. ఇది యందఱకు నచ్చలేదు. స్టీఫెను గతించిన యెనిమిదేండ్లకు, 1046 లో, వాతా యను నాయకుని తిరుగుబాటున పాతమతస్థులు బిషప్పు గెలెర్టును చంపిరి. డాన్యూబు నదియొడ్డున బుడాపెస్టు నగరమందలి యా కొండ నేటికిని గెలెర్టు కొండయే.