బిడ్డల స్నాతకోత్సవము - తల్లిదండ్రుల యుడుపులు

పరీక్షలు ముగిసి, ఫలితములు వెలువడి, పట్టా పుచ్చుకొను దినము నిర్ణయమైన పిదప ఇంటింట ఒక ప్రశ్న పుట్టుచున్నది. అది పట్టా పుచ్చుకొను బిడ్డను గూర్చినది కాదు. బిడ్డ యేమి ధరింపవలెనో విద్యాలయము వారే చెప్పుదురు: పొడవైన గౌను, మెడపై రంగుపట్టీ, కొన్నిచోట్ల పలకవంటి టోపీ. కాని తల్లి యేమి కట్టుకొనవలెను? తండ్రి యేమి తొడుగుకొనవలెను? ఆహ్వానపత్రికలో సమయముండును, స్థలముండును, ఒక్కొక్క పట్టభద్రునితో ఇద్దరినే లోనికి రానిత్తుమను హెచ్చరికయు తరచుగా నుండును. ఈ సంగతి మాత్రముండదు. హుజూర్‌నగర్ ప్రాంతమున మేమీ ప్రశ్నను పలుమారు వింటిమి. వినుటకు స్వల్పముగా తోచును గాని, దీనికి జవాబు దొరకకయే స్నాతకోత్సవమునకు రాక ఇంటనే నిలిచిపోయిన తల్లిదండ్రులను మేమెరుగుదుము.

ఆ ప్రాంతపు స్థితి కొంత చెప్పవలెను. 1967 ఆగస్టులో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ నీరు వచ్చిన పిదప అచటి మెట్టచేలు వరిమళ్లయినవి. మేళ్లచెరువు, మఠంపల్లి వైపున సున్నపురాతి నేలలపై సిమెంటు కర్మాగారములు వెలసినవి. వరి, సిమెంటు - ఈ రెండింటి రాబడినుండియు, కూలినుండియు బిడ్డలకు చదువు వచ్చినది. తాత వేలిముద్ర వేసెను, తండ్రి పదవ తరగతితో ఆగెను, మనుమరాలు ఇంజనీరైనది. 2016లో హుజూర్‌నగర్ నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట జిల్లాలో చేరినను, అచటి పిల్లలు పట్టాకై 2007లో స్థాపింపబడిన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమునకో, హైదరాబాదు విశ్వవిద్యాలయములకో పోవలసినదే. కావున స్నాతకోత్సవమనగా చాల కుటుంబములకు విశ్వవిద్యాలయపు గుమ్మము మొదటిసారి త్రొక్కుట.

మేమెరిగిన యొక రైతు సంగతి చెప్పుదుము. అతడు నిత్యము పంచె కట్టును, తలకు ఎర్రగళ్ల రుమాలు చుట్టును. కుమార్తె పట్టా పుచ్చుకొను దినము దగ్గరపడగా, "బిడ్డా, నేను రాను తియ్. నాతోని నీకు నామోషి అయితది" అనెను. ఆమె ఒప్పుకొనలేదు. తుదకతడు బావమరిది ప్యాంటు, చొక్కా, బూట్లు అడిగి తెచ్చుకొని బయలుదేరెను. ప్యాంటు నడుమున వదులు, బూట్లు బిగుతు. నాలుగు గంటల బస్సు ప్రయాణము, ఆపై మూడు గంటల సభ. రుమాలు ఇంట విడిచి వచ్చినందున చేతులెక్కడ పెట్టుకొనవలెనో, చెమట దేనితో తుడుచుకొనవలెనో అతనికి తెలియలేదు. కుమార్తె వేదిక నెక్కి, పట్టా చేత బుచ్చుకొని, జనములోనికి చూచెను. ఆమె వెదకినది ఎర్రరుమాలును. తండ్రి లేచి నిలిచి చేయి యూపుచున్నను ఆమె చూపు అతనిని దాటి పోయెను. బయటికి వచ్చిన పిదప ఆమె అడిగిన మొదటి మాట, "నాయినా, నీ రుమాలేది?" అని.

మేము చెప్పదలచినది చాలవరకు ఆ ప్రశ్నలోనే యున్నది. ఐనను కారణములు చెప్పక విధులు మాత్రము చెప్పుట భావ్యము కాదు గనుక, మొదట ఈ గౌను సంగతి చూతము.

నల్లని గౌను మన యెండలకై కుట్టినది కాదు. మధ్యయుగమున ఐరోపాలో విశ్వవిద్యాలయములు పుట్టినపుడు చదువువారును, చెప్పువారును చాలవరకు క్రైస్తవ మతాచార్యుల తరగతికి చెందినవారు. పొడవైన గౌను వారి నిత్యవేషమే. రాతికట్టడములలోని చలికి అది అక్కరకు వచ్చెను. నేడు మెడపై రంగుపట్టీగా మిగిలినది ఆనాడు తలపై కప్పుకొను ముసుగు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో లండను మాదిరిని విశ్వవిద్యాలయము లేర్పడగా ఆ వేషమును వాటి వెంట ఓడ నెక్కి వచ్చెను. దానిపై మనవారికి అభ్యంతరములు లేకపోలేదు. 2010లో భోపాలులోని యొక స్నాతకోత్సవమున అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదికపైననే గౌను విప్పివేసెను. 2019లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, స్నాతకోత్సవ వస్త్రములు చేనేతవై యుండుట మేలని విశ్వవిద్యాలయములకు వ్రాసెను. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ తన క్రిందనున్న వైద్యవిద్యాసంస్థలు నల్లగౌనును మాని, ఆయా రాష్ట్రముల సంప్రదాయము ననుసరించు దుస్తులను రూపొందించుకొనవలెనని కోరెను. పట్టభద్రుల వేషమే యిట్లు మారుచుండగా, ఆ వేషమునకు జోడుగా నుండవలెనని తండ్రి బూట్లు ఎరువు తెచ్చుకొనుట యేల?

స్నాతకోత్సవమను మాట మాత్రము మనది. గురుకులమున చదువు ముగించినవాడు స్నానము చేసి స్నాతకుడగును. గృహ్యసూత్రములు చెప్పు ఆ సమావర్తన విధిలో అతనికి క్రొత్తబట్టలు, తలపాగ, గొడుగు, పాదరక్షలు, చేతికఱ్ఱ కలవు. చదువునకు గుర్తుగా నొకప్పుడు తలకెక్కిన పాగను నేడు తండ్రి తలమీద చూచి సిగ్గుపడుట వింతయే. మన ప్రాంతముననే నిజాం దర్బారునకు పోవువారికి దస్తారు అను తలపాగయు, బగులూసు అను నడికట్టును ఉండితీరవలెనను కట్టుబాటుండెను. హుజూరు అను మాటకు సన్నిధియని యర్థము. ఏ సన్నిధికి ఏ వేషమో ప్రభువు శాసించిన దినములవి. విశ్వవిద్యాలయము తన పట్టభద్రునకు వేషము విధించును గాని, వాని తల్లిదండ్రులకు విధింపలేదు. లేని శాసనమును మనమే వ్రాసికొని మనమే భయపడుచున్నాము.

కావున ఎరువుబట్టలు వలదు. పెండ్లికిని, పండుగకును మీరు కట్టుకొను మేలిజత యేదియో అదియే తగినది. పంచె కట్టువారు పంచెయే కట్టవలెను. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్లపంచె, తెల్లచొక్కా, భుజముపై కండువా - ఏ సభకైనను ఇవి చాలును. ప్యాంటు అలవాటైనవారు ప్యాంటే తొడుగుకొందురు గాక. ఒక్క పూటకై కోటు కుట్టించుట దండుగ. సభలో తలరుమాలు తీయవలెనా యని కొందరడుగుదురు. లోనికి వచ్చినపుడు టోపీ తీయుట ఐరోపావారి మర్యాద. మనకు పాగ విషయమున ఆ నియమము లేదు. వెనుక కూర్చున్నవారికి అడ్డమగునేని కొంత దించి చుట్టుకొనుట చాలును.

రుమాలు మాట వచ్చినది గనుక మరియొక సంగతి. పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో తేలియా రుమాలు అను వస్త్రమును నేయుదురు. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిద నీటిలోను పలుదినములు నానబెట్టి పదును చేసి, పోగులకు కట్లు కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది, పిదప మగ్గమెక్కింతురు. ఒకప్పుడు చేపలు పట్టువారును, పశువులు కాయువారును తలకు చుట్టినది, అరబ్బు దేశములకు ఎగుమతి యైనది ఈ జాతి వస్త్రమే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. నేడు పట్టణపు స్త్రీలు హెచ్చు ధర లిచ్చి ఆ నమూనానే చీరలుగా కట్టుచున్నారు. మన రైతు తలమీదిది బజారులో కొన్న మిల్లుగుడ్డయే కావచ్చును; ఐనను దాని వంశమిట్టిది.

తల్లుల విషయమున చిక్కు వేరు. వారికి బట్ట లేకపోవుట కాదు, ఉన్న పట్టుచీర బరువు. జరీచీర కట్టి ఎండలో బస్సు దిగి, ఫ్యానులు చాలని పందిరిలో కూర్చున్నచో, బిడ్డ పేరు పిలుచు వేళకు తల్లికి కన్నులు తిరుగును. పాలమూరు వైపు గద్వాల చీర ఈ సందర్భమునకే నేసినట్లుండును. దాని ఒడలు నూలు. అంచును, కొంగును పట్టు. రెంటిని మగ్గముపైననే పోగునకు పోగు మెలివేసి కలుపుదురు. నూలు చెమటను పీల్చును, పట్టు పండుగను తెచ్చును. నారాయణపేట నూలుచీర మరింత తేలిక. పోచంపల్లి చిటికి చీరయు నిండుగానే యుండును. కొనగలవారు కొనవచ్చును, కొనుమని మేము చెప్పుట లేదు. పెట్టెలో మడతపెట్టియున్న చీరను రెండు దినములు ముందుగా తీసి నీడలో ఆరబెట్టినను చాలును. గౌను నల్లనిది గనుక ప్రక్కన నిలుచువారి చీరకు ఎట్టి రంగైనను ఫోటోలో అందమే.

ఒక మాట సంకోచముతోనే చెప్పుచున్నాము. భర్తను కోల్పోయిన తల్లులు శుభకార్యములలో వెనుకకు నిలుచుట మన పల్లెల యాచారము. స్నాతకోత్సవమునకును వారు వెలిసిన చీర కట్టి, వెనుక వరుసలో కూర్చుండుటయో, అసలు రాక పోవుటయో మేము చూచితిమి. కూలి చేసి, చీటీలు కట్టి బిడ్డను చదివించినది ఆ తల్లియే. ఆమె తనకిష్టమైన రంగుచీర కట్టి ముందు వరుసలో కూర్చుండవలెను. ఆమె తనంతట తాను కూర్చుండదు. బిడ్డయే చేయి పట్టి కూర్చుండబెట్టవలెను.

హుజూర్‌నగర్ చుట్టును తండాలు కలవు. లంబాడీలను తెలంగాణములో షెడ్యూల్డు తెగలలో చేర్చిన చట్టము 1976 నాటిది. అంతటినుండి తండా పిల్లల చదువు పెరిగినది. అద్దములు, గవ్వలు, దారపుపని నిండిన ఫేటియా, కాంచళి, టుక్రీ ధరించు అవ్వలు నేడు తండాలలో తగ్గిపోవుచున్నారు. అట్టి అవ్వ మనుమని స్నాతకోత్సవమునకు వచ్చినచో చీర కట్టుకొమ్మని ఆమెను బలవంతపెట్టవలదు. అంత చేతిపని గల వస్త్రము ఆనాటి సభలో మరియొకటి యుండదు. ముస్లిము కుటుంబములలో పెద్దలకు షేర్వానీయో, కుర్తా పైజామాయో యుండనే యున్నది. బురఖా వేసికొను తల్లి బురఖాతోనే రావచ్చును.

చెప్పుల విషయము చిన్నదే కాని ముఖ్యము. విశ్వవిద్యాలయ ఆవరణములు పెద్దవి. బస్సు దిగినచోటినుండి సభాస్థలమునకు దూరముండును. పాతవి, కాలికి అలవాటైనవి తుడిచి తొడుగుకొనవలెను. క్రొత్తచెప్పులు ఆనాడు వలదు. నగలు కొద్దిగా చాలును, బస్సులో భయముండదు. చాలచోట్ల సంచులు లోనికి రానీయరు గనుక, చొక్కాకు జేబును, తల్లికి కొంగుముడియును ఆహ్వానపత్రమునకు సరిపోవలెను.

పట్టా పుచ్చుకొను పిల్లలతో ఒక్క మాట. "ఏమి కట్టుకొని రావలెను?" అని తండ్రి ఫోనులో అడిగినపుడు, ఆయన అడుగుచున్నది బట్టలను గూర్చి కాదు, "నేను రావచ్చునా?" అని. "ఏదైన సరే" యన్న జవాబు ఆయన భయమును తీర్చదు. "పండుగకు కట్టుకునే పంచెనే కట్టుకొని రా నాయినా, రుమాలు మరువకు" అని స్పష్టముగా చెప్పుడు.

గౌనులు చాలచోట్ల అద్దెవి. సాయంకాలము లోపల తిరిగి యొప్పగింపవలెను. ఆలస్యమైనచో కొన్నిచోట్ల జరిమానా వేయుదురు. కావున తల్లిదండ్రులతో కలిసి ఫోటో దిగదలచినవారు భోజనములకు పోకముందే దిగుట మంచిది.