నీటి అంచున ఇనుప దవడలు

1999 డిసెంబరులో ఢిల్లీని ఆనుకునే ఉన్న ఘాజియాబాద్‌లో పట్టుబడ్డ చర్మాల్లో చిరుతలవి 50, పులులవి 3, నీటికుక్కలవి 5. పులి పేరు వినబడ్డాక నీటికుక్కను పట్టించుకునేదెవరు? కానీ మన దేశంలో నీటికుక్కల్ని వేటగాళ్లు పట్టే సాధనానికి రెండు శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. అటవీ సిబ్బంది దాన్ని జా ట్రాప్ (దవడల ఉచ్చు) అంటారు. అది పేరు తెచ్చుకున్నది మాత్రం మన నదుల్లో లేని బీవర్ అనే నీటిజంతువు మీద.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా ప్రాంతంలో సూయెల్ న్యూహౌస్ అనే కమ్మరి కుర్రాడు 1823లో, పదిహేడేళ్ల వయసులో, ఈ ఉచ్చులు చేయడం మొదలుపెట్టాడు. ఇలాంటివి ఐరోపాలో అంతకు ముందే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో భూస్వాములు తమ తోటల్లో చొరబడే మనుషుల్ని పట్టడానికే పెద్దపెద్దవి పెట్టించేవారు. వాటిని 1827లో చట్టం ఆపింది. న్యూహౌస్ నేర్పంతా ఉక్కుకు పదును పెట్టడంలో ఉంది. అతని స్ప్రింగు గడ్డకట్టే చలిలోనూ పుటుక్కున విరిగేది కాదు. తర్వాత అతను ఒనైడా కమ్యూనిటీ అనే ఉమ్మడి ఆస్తి సమాజంలో చేరాడు. ఆ సమాజం ఉచ్చుల కార్ఖానాతోనే నిలదొక్కుకుంది. చెంచాలు, ఫోర్కుల వ్యాపారం ఆ తర్వాతది.

యంత్రాన్ని దగ్గరగా చూద్దాం. రెండు అర్ధచంద్రాకారపు దవడలు, వాటిని మూసి ఉంచే మడత ఉక్కుపట్టీ, మధ్యలో ఒక పళ్లెం. పట్టీని కాలితో తొక్కి అణచి, దవడలు నేలకు పరిచి, ఒక దవడ మీదుగా చిన్న ఇనుప నాలుక వేసి, దాని కొసను పళ్లెం గాడిలో నిలుపుతారు. స్ప్రింగు బలాన్నంతా ఆపుతున్నది గాడిలోని ఆ సన్నని అంచే. పళ్లెం మీద పంజా పడిందా, నాలుక జారుతుంది, స్ప్రింగు కన్ను దవడల మీదికి ఎగబాకి వాటిని బిగించేస్తుంది. తుపాకీతో కొడితే చర్మానికి చిల్లు పడుతుంది, దీనితో పడదు. చర్మాల వ్యాపారికి కావలసింది అదే.

ఇనుములో ఉన్న తెలివి ఇంతే. మిగతాదంతా దాన్ని పెట్టేవాడికి ఉండాల్సిందే. బీవర్ తన హద్దు తెలియజేయడానికి ఒడ్డున బురద కుప్ప వేసి దాని మీద వాసన వదులుతుంది. వేటగాడు అలాంటి కుప్పే తను వేసి, మరో బీవర్ గ్రంథి తైలం పూసి, అది ఒడ్డెక్కే చోట కొద్దిపాటి నీళ్లలో ఉచ్చు పెడతాడు. ఉచ్చు గొలుసుకున్న కొక్కేన్ని లోతులోకి దిగే తీగకు తగిలిస్తాడు. ఆ కొక్కెం కిందికి జారుతుంది కానీ పైకి రాదు. బెదిరిన బీవర్ ఎప్పటిలాగే లోతుకు మునుగుతుంది, ఇక పైకి తేలలేదు. పావుగంట ఊపిరి బిగబట్టగల ప్రాణి అది. ఆ పావుగంట దానికి ఎలా గడుస్తుందో ఆలోచించలేను.

చలికాలంలో చెరువు గడ్డకడితే బీవర్లు మంచు కింద గూటికీ, నీళ్లలో దాచుకున్న కొమ్మల కుప్పకీ మధ్య ఒకే దారిన తిరుగుతాయి. వాటి ఊపిరి బుడగలు మంచు అడుగున చిక్కుకుని తెల్లగా ఆ దారిని పట్టిస్తాయి. అక్కడ మంచుకు కన్నం కొట్టి, పచ్చి పోప్లర్ కొమ్మ ఎరగా కట్టి ఉచ్చు దింపుతారు. ఉచ్చును నిలిపే గుంజకు మాత్రం ఎండు కర్రే వాడతారు, పచ్చిదైతే బీవర్ కొరికేస్తుంది.

ఉచ్చుల్లో చిక్కిన జంతువుల బాధ చూసి చలించినవాడు ఒక వేటగాడే కావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. కెనడా ఉత్తరాన దశాబ్దాలు వేటాడిన ఫ్రాంక్ కోనిబేర్, కాలు పట్టి వేధించకుండా మెడనో ఛాతీనో ఒక్క దెబ్బతో విరిచే నలుచదరపు ఉచ్చును రూపొందించాడు. 1950ల చివర అది మార్కెట్‌కు వచ్చింది. దానిలో పెద్దదైన 330 నంబరు ఉచ్చును బీవర్ల కోసం మంచు కింద ఇప్పటికీ వాడుతున్నారు. అయితే జంతువు సరైన కోణంలో రాకపోతే ఆ ఒక్క దెబ్బా తప్పుతుంది. పాత తరహా కాలి ఉచ్చును ఇంగ్లండ్, వేల్స్ 1958లో మానేశాయి, ఐరోపా సమాఖ్య 1995 నుంచి నిషేధించింది.

మన దేశంలో అది దొంగచాటుగా బతికింది. నీటికుక్క బొచ్చు కూడా బీవర్ బొచ్చు లాంటిదే. పైన పొడవాటి వెంట్రుకలు, అడుగున నీరు చొరనంత దట్టమైన నూగు. దానికీ అలవాటే శత్రువు. గుంపంతా రోజూ ఒకే చోట ఒడ్డెక్కి, ఇసుకలో ఒళ్లు రుద్దుకుని, అక్కడే మలం విడుస్తుంది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో మీరట్ వైపు హస్తినాపూర్ గంగ ఒడ్డున కనిపించేదీ, మన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టేదీ ఒకటే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉచ్చు పన్నడాన్ని కూడా వేటగానే లెక్కగట్టింది. అయినా అదే రాజధాని ప్రాంతంలోకి వచ్చే అల్వర్ జిల్లా సరిస్కా అభయారణ్యంలో ఒక్క పులీ మిగల్లేదని 2005లో తేలింది. ఆ ఏడాదే ఢిల్లీలో దొరికిన చర్మాల వ్యాపారి సంసార్‌చంద్, 470 పులి చర్మాలు, 2130 చిరుత చర్మాలు నేపాల్, టిబెట్ వ్యాపారులకు అమ్మానని చెప్పినట్టు సీబీఐ వెల్లడించింది.

టిబెట్‌లో చుబా అనే పొడవాటి అంగీ అంచులకు పులి, చిరుత, నీటికుక్క చర్మాలు కుట్టుకోవడం అప్పట్లో హోదా. 2005 ఏప్రిల్‌లో దలైలామా ఢిల్లీలో దీనికి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టారు. 2006 జనవరిలో మన అమరావతిలో జరిగిన కాలచక్ర బౌద్ధ ఉత్సవంలో, టిబెట్ నుంచి వచ్చిన భక్తుల ముందే, ఆ దుస్తులు చూస్తే తనకు సిగ్గుగా ఉందన్నారు. వాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లాక ఊరూరా చర్మాలు కుప్పపోసి తగలబెట్టారు. ఉచ్చుల మీద ముప్పై ఏళ్లుగా చట్టం చేయలేని పని, కొనేవాళ్ల మనసు మారడంతో కొన్ని నెలల్లో జరిగింది. వన్యప్రాణి చరిత్రలో కృష్ణ ఒడ్డుకు ఈ చోటు ఉందని మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొనుగోళ్లు పడిపోయినా పూర్తిగా ఆగలేదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి ఈ నీటికుక్క జాతిని 2019లో జెనీవాలో జరిగిన వన్యప్రాణి వాణిజ్య ఒప్పంద సమావేశం చేర్చాల్సి వచ్చింది. కొన్ని పులుల అభయారణ్యాల్లో సిబ్బంది ఇప్పుడు మెటల్ డిటెక్టర్లతో నీటి రేవులు, జంతువులు నడిచే బాటలు గాలిస్తున్నారు. వేటగాడు వెతికిన పాదముద్రలు, మలం గుర్తులే వాళ్లకూ దారి చూపుతున్నాయి.