పెయింట్ ట్రే: మూడు అమానతులు

దుబారా అనగానే మనకు విందుల్లో మిగిలిపోయిన బిర్యానీ, పెళ్ళిళ్ళ ఆడంబరం గుర్తుకు వస్తాయి. చేతిలోని పనిముట్టులో కూడా దుబారా దాగి ఉంటుందన్న సంగతి మనకు అంతగా తట్టదు. షాబాన్ నెల వచ్చిందంటే రమజాన్ స్వాగతానికి మస్జిదులకు, ఇళ్ళకు రంగులు వేయించుకుంటాం. పని ముగిశాక గచ్చు మీద మరకలు, మోరీలో రంగునీళ్ళు, డబ్బా అడుగున గడ్డకట్టిన పెయింటు కనిపిస్తాయి. ఆ పైన యజమానికీ మేస్త్రీకీ మధ్య మాటా మాటా పెరుగుతుంది. ఇందులో చాలా భాగాన్ని నివారించగల వస్తువు ఒకటుంది. అది సక్రమంగా రూపొందించిన పెయింట్ ట్రే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళి నిర్మాణ పనుల్లో చెమటోడుస్తున్నారు. రంగుల పనితో కుటుంబాలను పోషించుకునేవారు కూడా వారిలో ఉన్నారు. కాబట్టి రుద్రంగి వంటి ఊళ్ళలో ఈ విషయం ఇంటి ముచ్చటే.

ఇహ్‌సాన్ పనిముట్టులోనూ ఉంది

అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే ఉత్తమ రీతిని విధించాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. జుబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని కూడా ఆయన (స) అందులోనే ఆదేశించారు. పని చేసే మనిషి సంకల్పంతో పాటు అతని చేతిలోని పనిముట్టు స్థితి కూడా ఇహ్‌సాన్‌లో భాగమేనని దీనివల్ల బోధపడుతుంది. కత్తికి పదును ఎలాంటిదో, రంగు వేసేవానికి ట్రే అలాంటిది.

మొదటి అమానత్: యజమాని సొమ్ము

పూర్వం సున్నాన్ని కుండలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కుంచెతో పూసేవారు. కుంచెకు కుండ చాలు. రోలరు మొత్తం పొడవునా సమానంగా తడవాలి కనుక దానికి వెడల్పాటి పాత్ర కావాలి. రోలరును నేరుగా బకెట్లో ముంచితే రంగు ఒకవైపు ఎక్కువగా పట్టి, గోడను చేరేలోపే నేలకు కారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 25 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల చదునైన అడుగులో రోలరుకు అందని రంగు 2 మిల్లీమీటర్ల మందాన నిలిచిందనుకోండి. అది 50 మిల్లీలీటర్లు. రోజుకు రెండుసార్లు కడిగితే పది రోజుల్లో ఒక లీటరు నీళ్ళపాలవుతుంది. లీటరు ఎమల్షన్ ఒక కోటుకు సాధారణంగా నూరు చదరపు అడుగులకు పైగా గోడను కప్పుతుంది. ఆ రంగు యజమాని డబ్బుతో కొన్నది, మేస్త్రీ చేతిలో అమానత్‌గా ఉన్నది.

రెండవ అమానత్: కార్మికుని వుజూ

ఆయిల్ పెయింటు చర్మంపై పొరలా ఎండితే దాని కింద చర్మానికి నీరు తగలదు. గోరింటాకు రంగు మాత్రమే మిగులుస్తుంది కాబట్టి వుజూకు అడ్డు కాదు. పెయింటు పొర అలా కాదు, దాన్ని తొలగించాలి. అద్దకం పనివారి గోళ్ళకు అంటిన రంగు విషయంలో అనివార్యతను దృష్టిలో ఉంచుకుని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు సౌలభ్యం చూపారు. కానీ తొలగించగలిగిన దాన్ని నిర్లక్ష్యం చేయడానికి అది సాకు కారాదు. సందేహం కలిగితే స్థానిక ఆలిమ్‌ను సంప్రదించాలి. పని మొదలుపెట్టే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే రంగు సులువుగా వదులుతుంది. అసలు చేతికి అంటకుండా చూసే ట్రే ఉంటే జుహర్ వేళ గోళ్ళు గీక్కునే అవస్థ తగ్గుతుంది.

మూడవ అమానత్: ఇరుగుపొరుగు

మన ఇంటి రంగునీళ్ళు పొరుగువారి గుమ్మం ముందు నుండి పారుతాయి. ఎమల్షన్‌లోని జిగురు ప్లాస్టిక్ జాతికి చెందినది, అది మట్టిలో తేలికగా కలిసిపోదు. గృహావసరాల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమల్లోకి వచ్చింది. పాత డబ్బాల్లోని రంగుకు ఆ భరోసా లేదు.

ట్రే ఎలా ఉండాలి?

9 అంగుళాల రోలరుకు ట్రే లోపలి వెడల్పు 10 అంగుళాలకు తగ్గరాదు. గుంట అడుగు చదునుగా కాక ఇరుకుగా, మూలలు గుండ్రంగా ఉంటే చివరి చుక్క దాకా ఒకచోటికి చేరుతుంది. ఏటవాలు భాగంపై గట్లు ఉండాలి. రోలరును వాటిపై దొర్లిస్తే అదనపు రంగు తిరిగి గుంటలోకి జారుతుంది. మిగిలిన రంగును డబ్బాలోకి వంచడానికి ఒక మూల ముక్కు, అంచుపై చేయి పడకుండా పిడి, నిచ్చెనకు తగిలించేందుకు కొక్కెం అవసరం. అన్నిటికన్నా ముఖ్యమైనది మూత. నమాజుకు, భోజనానికి వెళ్ళినప్పుడు మూసి ఉంచితే రంగు ఎండదు, మాటిమాటికీ కడగనక్కర లేదు. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో చేసిన ట్రేలో ఎండిన ఎమల్షన్ పొరను చాలావరకు చేత్తోనే ఒలిచేయవచ్చు.

రేకు పని తెలిసినవారు పాత నూనె డబ్బాతోనూ దీన్ని తయారు చేయగలరు. కాకపోతే చేయి కోసుకోకుండా అంచులు లోపలికి మడవాలి. పెద్ద గోడలకైతే బకెట్ లోపల ఏటవాలుగా నిలిపిన ఇనుప జాలీ ఇదే మేలు చేస్తుంది.

ఇలాంటి ఆలోచన మనకు కొత్త కాదు. దియార్ బకర్‌లోని అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన ఇంజనీరు అల్ జజరీ 1206లో పూర్తి చేసిన తన యంత్రాల గ్రంథంలో, చేతులు కడుక్కునే పాత్రల నిర్మాణాన్ని సైతం వివరించాడు. పాత్ర నిర్మాణం ఆయనకు చిన్న విషయంగా తోచలేదు.

ఇంటివారి బాధ్యత

భారమంతా మేస్త్రీపై మోపడం న్యాయం కాదు. మంచి ట్రే కొనివ్వడం, నేలపై పాత దుప్పట్లు పరచడం, చెమట ఆరకముందే కూలి చెల్లించడం యజమాని వంతు. మిగిలిన రంగును గట్టిగా మూతపెట్టి, ఏ గదిదో డబ్బాపై రాసి ఉంచితే తర్వాత మరకలు సరిదిద్దడానికి పనికివస్తుంది. బ్రష్షులు కడిగిన టర్పెంటైన్‌ను మోరీలో పోయకుండా సీసాలో తేర్చి, పైతేటను మళ్ళీ వాడుకోవచ్చు.

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే దాదాపు ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆరాధన కోసం వాడే నీటికే ఇంత కొలత పాటించిన ప్రవక్త అనుచరులం మనం. మస్జిదు గోడకు వేసే రంగుకు కొలత లేకపోతే ఎలా? మన చేతి పనిలో ఇహ్‌సాన్‌ను, మన సంపాదనలో బర్కత్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.