అలిపిరి దాటని ప్లాస్టిక్

తిరుమలలో ఎవరూ తల్లో పూలు పెట్టుకోరు. కొండ మీద పూసిన ప్రతి పువ్వూ శ్రీవారిదేనని నమ్మకం. స్వామికి వాడిన పూలనూ ప్రసాదంగా ఇవ్వరు. వెనకటికి ఆలయంలోని పూలబావిలో వేసేవారు. దండలు టన్నుల లెక్కన వచ్చే కాలంలో ఒక్క బావి ఏ మూలకు? 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) ఇంకో దారి చూసింది. ఆలయాల్లో వాడిన పూలను తిరుపతి గోశాలలో రంగుల వారీగా వేరుచేసి, ఎండబెట్టి, పొడికొట్టి అగరుబత్తీలు తీస్తున్నారు. ఏడుకొండల గుర్తుగా ఏడు రకాలు. వాటిలో ఒకదాని పేరు ‘తందనాన’. అన్నమయ్య గుర్తుకు రాకుండా ఉండడు.

పూలకైతే దారి దొరికింది. యాత్రికుడి చేతిలోని కవరు సంగతి? రోజూ వచ్చే అరవై, డెబ్బై వేల మందిలో చాలామంది ఒక్క పూట ఉండి వెళ్లిపోయేవారే. వాళ్లకు ఇక్కడ వార్డు లేదు, గుమ్మం ముందుకొచ్చే చెత్తబండి లేదు. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్‌కు పూర్తిగా చెల్లుచీటీ ఇచ్చారు. కొండ ఎక్కకముందే, అలిపిరిలోనే తనిఖీ. నిషేధాలు ఊరూరా ఉన్నాయి; ఇక్కడ నిలబడిందంటే బదులు వస్తువు ముందే చేతికి అందించారు కాబట్టి. రోజుకు మూడు లక్షలకు పైగా లడ్డూలు వెళ్లేచోట, మట్టిలో కలిసిపోయేలా డీఆర్‌డీఓ రూపొందించిన సంచుల కౌంటరు 2021 ఆగస్టులోనే తెరిచారు. దాహానికి జలప్రసాదం కుళాయిలున్నాయి. గాజుసీసా కొన్నవాళ్లు ఖాళీది తిరిగిస్తే సీసా సొమ్ము వెనక్కి వస్తుంది. పూటమనిషిని కూడా ఊరి శుభ్రతలో కలుపుకున్న తీరు ఇది. నాకు గొప్పగా అనిపించేది అదే.

కింద తిరుపతి కథ వేరు. 2018 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో ఆరో స్థానం తెచ్చుకున్న నగరమిది. అయినా తూకివాకంలో తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు సాగాలంటే, ఇళ్లలోనే చెత్తను వేరుచేసే ఓపిక ఉండాలి. కూరగాయల తొక్కల్లో షాంపూ ప్యాకెట్టు కలిస్తే ఎవరో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు చేత్తో ఏరాల్సిందే. అలా వేరు చేయని రోజుల చెత్తంతా రామాపురం డంపింగ్ యార్డులో గుట్టలుగా పేరుకుంది. దాన్ని తవ్వి, జల్లించాల్సి వచ్చింది.

కొండ దిగిన భక్తుడికి మాత్రం బస్టాండులో మళ్లీ ప్లాస్టిక్ నీళ్లసీసాయే దొరుకుతుంది. 2022 జులై 1న దేశమంతటా నిషేధించిన వస్తువుల జాబితాలో అది లేదు. చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు, సీసా సొమ్ము వాపసిచ్చే పద్ధతిని కొండ కిందకూ తేవచ్చు. కార్పొరేషను, టీటీడీ, దుకాణదారులు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పనే. బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వేస్టేషను ఎదుట విష్ణునివాసం వసతి సముదాయాలు టీటీడీవే. ముందు అక్కడ మొదలుపెట్టాలి.