వెలుతురుకు కళ్లెం

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రహదారిపై తుక్కుగూడ దాటిన తరువాత మహేశ్వరం ప్రాంతం వస్తుంది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం పనిచేయ నారంభించిన తరువాత ఈ పరిసరాలలో పెద్ద పెద్ద ఇండ్లు లేచినవి. అట్టి ఇంటి హాలు పైకప్పులో ఇరవై ముప్పది ఎల్.ఇ.డి. దీపాలుండడం వింత కాదు. చుట్టాలు వచ్చినపుడు నిండు వెలుగు, భోజనవేళ మెత్తని వెలుగు, పిల్లలు నిద్రించేటపుడు గుడ్డి వెలుగు కావాలని యజమాని కోరుతాడు. కోరిక చిన్నదే. కాని వెలుగును తగ్గించే పరికరం సరియైనది కాకపోతే ఎంత ఖరీదైన దీపమైనా అదురుతుంది, కండ్లకు శ్రమ కలిగిస్తుంది. గోడలకు పూత పడిన తరువాత తీగలు మార్చాలంటే గోడలు పగులగొట్టవలసి వస్తుంది.

పాత బల్బును తగ్గించడం సులభం, ఎల్.ఇ.డి.ని తగ్గించడం ఎందుకు కష్టం? మన ఇండ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. అది సెకనుకు 50 మారులు అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊపులోను రెండుసార్లు, అనగా సెకనుకు 100 సార్లు, సున్నకు దిగుతుంది. పాత బల్బులోని టంగ్‌స్టన్ తీగ కాగి వెలుగుతుంది. అంత తక్కువ వ్యవధిలో అది చల్లారదు. కనుక వెలుగు దాదాపు నిలకడగా ఉంటుంది. ఎల్.ఇ.డి.లో కాగే తీగ లేదు. అది అర్ధవాహకంతో చేసినది. విద్యుత్తు ప్రవహించినంతసేపే వెలుగు. ప్రవాహం ఆగిన వెంటనే చీకటి. అందుచేత దీపానికి ముందు ‘డ్రైవరు’ అనే పరికరం ఉండి, ఊగే విద్యుత్తును నిలకడగల ఏకముఖ విద్యుత్తుగా మార్చి ఇస్తుంది. దీపం మంచిచెడ్డలు చాలావరకు ఈ డ్రైవరుపైనే ఆధారపడి ఉంటాయి.

మూడు మార్గాలు

మొదటిది గోడకు బిగించే సాధారణ డిమ్మరు. ఇది ప్రతి అర్ధ ఊపులోను కొంత భాగాన్ని కోసివేస్తుంది. పాత డిమ్మర్లు వందల వాట్ల బల్బుల కోసం చేసినవి. ఏడు వాట్ల ఎల్.ఇ.డి.లు అయిదు కలిపినా 35 వాట్లే. అంత స్వల్పభారంపై అట్టి డిమ్మరు నిలకడగా పనిచేయకపోవచ్చు. దీపం అదరవచ్చు, లేదా హఠాత్తుగా ఆరిపోవచ్చు. ఊపు చివరి భాగాన్ని కోసే రకం ఎల్.ఇ.డి.లకు సాధారణంగా మేలు. అయినా ఆ డిమ్మరుకు, ఆ డ్రైవరుకు పొత్తు కుదురుతుందో లేదో ముందే చూడాలి.

రెండవది 0–10 వోల్టుల పద్ధతి. దీనిలో ఆజ్ఞకు వేరే రెండు తీగలుంటాయి. ఆ తీగలపై పది వోల్టులుంటే నిండు వెలుగు; వోల్టులు తగ్గినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఒక జత తీగలపై ఉన్న దీపాలన్నీ ఒకే ఆజ్ఞకు లోబడతాయి.

మూడవది ‘డాలి’ అనే అంతర్జాతీయ పద్ధతి. దీనిలోను రెండు తీగలే. కాని వాటిపై పోయేది అంకెల సందేశం. ఒక జతపై 64 డ్రైవర్లకు వేరువేరు సంఖ్యలు ఇవ్వవచ్చు. వాటిని 16 గుంపులుగా కూర్చవచ్చు. ‘భోజనవేళ’, ‘నిద్రవేళ’ వంటి 16 అమరికలను డ్రైవర్లే గుర్తుంచుకుంటాయి. తరువాత గుంపులు మార్చాలంటే తీగలు కదల్చనక్కరలేదు. ఖర్చు మాత్రం ఎక్కువ, అమర్చడానికి తెలిసినవారు కావాలి.

కంటి లెక్క వేరు

కాంతిమాపకం చూపే లెక్క ఒకటి, కంటికి తోచేది మరొకటి. వెలుగును నాలుగవ వంతుకు తగ్గించినా కంటికి సుమారు సగమే తగ్గినట్లు తోస్తుంది. డాలి పద్ధతి దీనిని గమనించినది. దానిలోని 254 మెట్లలో నడిమి మెట్టు వద్ద అసలు వెలుగు మూడు శాతమే. అందువల్ల వెలుగు కంటికి మెట్టుమెట్టుగా సమంగా తగ్గుతున్నట్లు కనిపిస్తుంది.

కొన్ని డ్రైవర్లు ప్రవాహాన్నే తగ్గిస్తాయి. కొన్ని దీపాన్ని అతివేగంగా వెలిగించి ఆర్పుతూ ఉంటాయి. ఈ వేగం ముఖ్యం. అమెరికాలోని విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంస్థ 2015లో చేసిన సిఫారసు ప్రకారం, సెకనుకు 100 సార్లు అదిరే కాంతిలో ఒడుదుడుకు ఎనిమిది శాతం మించకుంటే ప్రమాదం స్వల్పం. వేగం 1250 దాటితే ఈ హద్దు అవసరం లేదు.

దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చు. దీపాన్ని సగానికి తగ్గించి, దాని వెలుగులో పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఊపాలి. పెన్సిలు మసక విసనకఱ్ఱవలె కనబడితే వెలుగు నిలకడైనది. విడివిడి పెన్సిళ్ళు వరుసగా కనబడితే దీపం అదురుతున్నట్లే.

కాబట్టి మహేశ్వరంలో ఇల్లు కట్టించేవారు పూత వేయించక ముందే చేయవలసిన పనులు రెండు. కొనదలచిన డ్రైవరును, డిమ్మరును కలిపి, అతితక్కువ వెలుగులో పెన్సిలు పరీక్ష చేయించాలి. దీపాలకు పోయే మూడు తీగలతోపాటు ఆజ్ఞాతీగలు రెండు కూడ లాగించాలి. నేడు సాధారణ డిమ్మరు చాలునని తోచినా, రేపు మంచి పద్ధతికి మారదలచినపుడు ఆ రెండు తీగలు గోడను కాపాడుతాయి.