సంతకాలయ్యాయి సరే.. సీఓఐ ఏది?

డాలస్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒకడు ఉద్యోగం మానేసి సొంతంగా ఎల్ఎల్‌సీ పెట్టాడు. మొదటి కాంట్రాక్టు దొరికింది, రేటు కుదిరింది, సంతకాలూ అయిపోయాయి. సోమవారం పని మొదలు. శుక్రవారం మధ్యాహ్నం క్లయింటు నుంచి మెయిల్: సీఓఐ పంపితేనే లాగిన్ ఇస్తాం అని. ‘ఒరేయ్, ఇదేం గోలరా?’ అంటూ నాకు ఫోన్.

సీఓఐ అంటే సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్. అమెరికాలో ఎక్కువగా కనిపించేది ‘అకార్డ్ 25’ అనే ఫారం. ఏ కంపెనీ పాలసీ, ఎంత మొత్తానికి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా.. అన్నీ అందులోనే ఉంటాయి. పాలసీ ఉన్నవాళ్లకి ఇది పెద్ద పనేం కాదు, ఏజెంటుకి మెయిల్ పెడితే వచ్చేస్తుంది. మావాడి దగ్గర పాలసీయే లేదు మరి!

అసలు విషయం ఏంటంటే, ఈ కాగితం పాలసీ కాదు. ఇది సమాచారం కోసమే, దీనివల్ల మీకు ఏ హక్కులూ రావని ఆ ఫారం పైనే రాసి ఉంటుంది. ‘సర్టిఫికెట్ హోల్డర్’ గడిలో పేరున్నంత మాత్రాన క్లయింటుకి కవరేజీ రాదు. అది కావాలంటే ‘అడిషనల్ ఇన్సూర్డ్’గా పాలసీలోనే చేర్చాలి. దానికి ఎండార్స్‌మెంట్ ఉండాలి. కాంట్రాక్టులో ఈ రెండు మాటల్లో ఏది రాశారో చూడకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. మావాడూ అంతే.

మన కోడ్ బ్యాచ్‌కి ఇంకో తిరకాసుంది. జనరల్ లయబిలిటీ ప్రధానంగా ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా పనికొస్తుంది. అంటే మీ చార్జర్ వైరు తట్టుకుని ఎవరో పడ్డారనుకోండి, అలాంటివాటికి. చాలా కాంట్రాక్టుల్లో ఒక్కో ఘటనకి 10 లక్షల డాలర్లు, మొత్తంగా 20 లక్షలు అడుగుతారు. మీ కోడ్‌లో బగ్ వల్ల క్లయింటు ఆర్డర్లు పోతే మాత్రం అది పనికిరాదు. ప్రొఫెషనల్ లయబిలిటీ వేరే తీసుకోవాలి. దాన్నే ఈ అండ్ ఓ అంటారు. ఇది సాధారణంగా ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతి. పని ఎప్పుడు చేశారన్నదొక్కటే కాదు, క్లెయిమ్ వచ్చే నాటికి పాలసీ నడుస్తుండాలి. ప్రాజెక్టు అయిపోయింది కదా అని ఆపేస్తే, ఆర్నెల్ల తర్వాత వచ్చే లాయర్ నోటీసుకి మీరే దిక్కు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింటుకి పనిచేసేవాళ్లు పాలసీలో జ్యూరిస్‌డిక్షన్ లైను తప్పక చదవండి. ‘ఇండియా మాత్రమే’ అనో, ‘అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా’ అనో ఉంటే, అక్కడి కోర్టులో కేసు పడినప్పుడు అది అక్కరకు రాదు. అమెరికాని కలిపితే ప్రీమియం పెరుగుతుంది. రేటు మాట్లాడేటప్పుడే ఆ ఖర్చు లెక్కేసుకోవాలి.

ఇంతకీ మావాడు ఆ శుక్రవారం సాయంత్రమే ఆన్‌లైన్‌లో పాలసీ కొని సర్టిఫికెట్ పంపేశాడు. సోమవారం అది వెనక్కొచ్చింది. పాలసీ తన సొంత పేరు మీద తీసుకున్నాడు, కాంట్రాక్టేమో ఎల్ఎల్‌సీ పేరు మీదుంది. పేరు మార్పించి, ఈ అండ్ ఓ చేర్పించి మళ్లీ పంపేసరికి బుధవారం. గురువారం లాగిన్ వచ్చింది. మూడు రోజుల బిల్లింగ్ మాత్రం పోయింది.